కనిపెట్టుకుని ఉండటం

రికార్డ్ బటన్ నొక్కాక ఇక చేయడానికి పనేమీ ఉండదు. కష్టమంతా అక్కడే. రిథమ్ బాక్స్ వెనక నుంచి రెండు కేబుళ్లు సౌండ్‌కార్డులోకి, అక్కడి నుంచి ఒక వైరు ల్యాప్‌టాప్‌లోకి. తెర మీద నిలువు గీత ఎడమ నుంచి కుడికి నడుస్తూ, తన వెనక చిన్న చిన్న గుట్టల్లాంటి బొమ్మను వదిలిపెట్టుకుంటూ పోతుంది. పాట ఆరు నిమిషాలైతే ఆరు నిమిషాలూ పడుతుంది. కంప్యూటర్ లోపలున్న డ్రమ్స్ అయితే అదే పాటను కాసేపట్లో ఫైలు చేసి చేతిలో పెడతాయి. బయటి పెట్టెను అలా తొందరపెట్టలేం. అది ఎంతసేపు వాయిస్తే అంతసేపూ మనం అక్కడ ఉండాల్సిందే.

ఈసారి, ఈస్టరుకు ముందొచ్చే శ్రమల కాలం మొదలవక మునుపు, మూడు వారాలు నా సాయంత్రాలు ఇలాగే గడిచాయి. తెనాలి దగ్గర మా ఊరి గుడిలో నలభై ఏళ్లు డోలక్ వాయించింది మా నాన్నే. రెండేళ్లుగా ఆయన వేళ్లు వంగడం లేదు. కుర్రాళ్లు ప్యాడ్లు వాయిస్తారు, బాగానే వాయిస్తారు, కానీ పాత కీర్తనల దగ్గరికి వచ్చేసరికి చేతులు ఎత్తేస్తారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట పైన రాగం పేరు, తాళం పేరు అచ్చులో కనిపిస్తాయి. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరిగారి వంటి వాళ్లు మన రాగాల్లో, మన తాళాల్లో కట్టిన పాటలవి. చాపుతాళం పాటకు నాలుగు దెబ్బల బీటు వేస్తే పాట కుంటుతుంది. అందుకని సంఘపెద్దలు నన్నడిగారు, శ్రమల కాలపు శుక్రవారాల్లో పాడే ఎనిమిది కీర్తనలకు ట్రాకులు చేసిపెట్టమ్మా అని.

రిథమ్ బాక్స్ మా నాన్నదే. 1998లో మద్రాసు నుంచి తెప్పించుకున్నారు. ప్యాటర్న్ పొడవును ఏడు లెక్కలకు పెట్టి, తకిట తకధిమి తకిట తకధిమి అని నోటితో అనుకుంటూ, బొటనవేలంత రబ్బరు మీటల మీద మిశ్రచాపు వాయించి అందులో దాచుకున్నారు. డోలక్ చప్పుడు అందులో లేదు. కాంగా అనే డ్రమ్ముల్లో పల్లం మోగేదాన్ని ధిం కోసం, ఎత్తు మోగేదాన్ని త కోసం పెట్టుకున్నారు. ఆ ప్యాటర్న్‌లే ఇప్పుడు నాకు కావాలి.

ఇదంతా చెప్పడానికి కారణం ఆ పాటలు కాదు, ఒక ప్రశ్న.

మా గుడిలో ముందు వరుసలో కూర్చునే ఒక అత్తయ్య ఉంది. ఇల్లు వదిలి వెళ్లిన కొడుకు కోసం పదకొండేళ్లుగా ప్రార్థిస్తోంది. నేను ఆంధ్రా యూనివర్సిటీలో తత్వశాస్త్రం ఎమ్మే చదివానని ఆమెకు తెలుసు. ఒకరోజు ఆరాధన అయ్యాక చెయ్యి పట్టుకుని ఆపి అడిగింది: "అమ్మాయ్, ఆయనకు అన్నీ ముందే తెలుసంటారు గదా. మరి నేను అడుగుతుంటే ఆయన వింటున్నట్టా, వినేసినట్టా?"

నేను చదువుకున్నదే చెప్పాను. దేవుడు కాలానికి లోబడినవాడు కాదు అత్తయ్యా, మనకు నిన్న, నేడు, రేపు అని ఉన్నట్టు ఆయనకు ఉండవు, అంతా ఒక్కసారే ఆయన కళ్ల ముందు ఉంటుంది అని. ఆమె కాసేపు ఆలోచించింది. "అంటే నేను నోరు తెరవకముందే వినేశాడా? మరి నేను ఏడుస్తున్నంతసేపూ ఏం చేస్తున్నట్టు?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఎమ్మేలో రాసిన జవాబులు ఉన్నాయిగానీ అవి ఆమె అడిగినదానికి కావు.

నేను ఆమెకు చెప్పింది బొయీథియస్ మాట. ఆరో శతాబ్దం మొదట్లో ఇటలీలో రాజద్రోహం నేరం మోపబడి, చెరసాలలో మరణశిక్ష కోసం కూర్చుని ఆయన రాసిన పుస్తకం చివరి భాగంలో ఉంటుంది. నిత్యత్వం అంటే అంతులేనంత కాలం కాదు, అంతులేని జీవితాన్ని ముక్కలు చేయకుండా మొత్తంగా ఒక్కసారే కలిగి ఉండటం అని ఆయన వివరణ. కొండ మీద నిలబడినవాడికి దారి అంతా కనిపించినట్టు దేవుడికి కాలమంతా కనిపిస్తుందని తర్వాతివాళ్లు దాన్ని విడమర్చి చెప్పారు. చదువుకునే రోజుల్లో ఆ వాక్యం నన్ను ఎంతగానో పట్టుకుంది. ఆ బొయీథియస్ సంగీతశాస్త్రం మీద కూడా గ్రంథం రాశాడని తెలిసి ఇంకా మురిసిపోయాను.

ఇప్పుడు ఆ కొండ నా టేబుల్ మీదే ఉంది. సాఫ్ట్‌వేర్ తెర మీద పాట మొత్తం ఎడమ నుంచి కుడి వరకూ పరిచి ఉంటుంది. పల్లవి ఎక్కడ, మూడో చరణం ఎక్కడ, ఎక్కడ దెబ్బ గట్టిగా పడింది, ఎక్కడ ఆగింది, అన్నీ ఒకే చూపులో కనిపిస్తాయి. ఆదీ అంతం నా ముందే ఉన్నాయి. కానీ అలా చూస్తున్నప్పుడు నాకు ఒక్క చప్పుడు కూడా వినిపించడం లేదు. వినాలంటే గీతను మొదటికి తెచ్చి, ప్లే నొక్కి, ఆరు నిమిషాలు దానితోపాటు నడవాలి. మొత్తం ఒక్కసారే వినిపించేట్టు చేస్తే వచ్చేది పాట కాదు, ఒక్క గుప్పెడు రొద. చూపుకు ఒక్కసారే అందేది చెవికి ఒక్కసారే అందదు. బొయీథియస్ దేవుడికి కన్ను ఇచ్చాడు. మా అత్తయ్య అడిగింది చెవి గురించి.

మరో పాత క్రైస్తవ తత్వవేత్త అగస్టీన్ ఆమె ప్రశ్నకు ఇంకా దగ్గరికి వచ్చాడు. తన కన్ఫెషన్స్ పుస్తకం పదకొండో భాగంలో కాలం అంటే ఏమిటని వెతుకుతూ, తనకు బాప్తిస్మమిచ్చిన అంబ్రోస్ రాసిన కీర్తననే ఉదాహరణగా తీసుకున్నాడు. అందులో పాదానికి ఎనిమిది అక్షరాలు, లఘువు గురువు లఘువు గురువు అని వరస. గురువు లఘువుకు రెట్టింపని నాకెలా తెలిసింది, కొలిచేనాటికి రెండూ వెళ్లిపోయాయి కదా అని అడుగుతాడు. అవి వెళ్లిపోయినా నా జ్ఞాపకంలో మిగిలినదాన్ని కొలుస్తున్నాను, కాలం మనసు సాగడమే అని తేలుస్తాడు. తాళం వేసిన చెయ్యి ఉన్నవాళ్లెవరికైనా ఇది వెంటనే అర్థమవుతుంది. అక్కడితో ఆగకుండా దేవుడి జ్ఞానం సంగతికి వస్తాడు. నాకు బాగా వచ్చిన కీర్తన నాకు తెలిసినట్టుగా దేవుడికి జరిగినదీ జరగబోయేదీ తెలుసనుకుందామా అని తానే అడిగి, కాదంటాడు. ఎందుకంటే పాడేవాడి మనసు, వినేవాడి మనసు కూడా, రాబోయే స్వరం కోసం ఎదురుచూస్తూ, అయిపోయిన స్వరాన్ని గుర్తుపెట్టుకుంటూ అటూ ఇటూ సాగుతుంది. మారని దేవుడికి అలాంటిది ఉండదు.

ఆ పేజీ దగ్గర నేను అగస్టీన్‌తో విడిపోతాను. అంత పెద్దవాడితో విభేదించడానికి భయపడుతూనే చెబుతున్నాను. నన్ను విడదీసింది మా నాన్న.

నా సౌండ్‌కార్డుకు ఇన్‌పుట్లు రెండే. నాన్న ప్యాటర్న్‌లో ఆరు రకాల చప్పుళ్లున్నాయి. వాటిని విడివిడిగా తీసుకుంటేనే తర్వాత ఒక్కోదాని ఎత్తు, పల్లం సరిచేసుకోవచ్చు. అందుకని ఒక చప్పుడును పూర్తిగా ఎడమకు, ఇంకోదాన్ని పూర్తిగా కుడికి నెట్టి, మిగతావన్నీ మూసేసి పాటంతా ఒకసారి రికార్డు చేయాలి. మళ్లీ మొదటి నుంచి ఇంకో రెండు. మళ్లీ ఇంకో రెండు. మూడు విడతలు, పద్దెనిమిది నిమిషాలు, ఒక్క పాటకు. మొదటిరోజు సన్నగా హమ్మని ఒక రొద పట్టుకుంది. కరెంటు తీగలో ఉండే 50 హెర్ట్జ్ మోత అది. ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడిపిస్తే పోయింది.

మొదట పెట్టెను దాని దారిన వదిలి రికార్డు చేశాను. దాని టెంపో 120, కంప్యూటర్ టెంపో 120. అయినా మూడు విడతలనూ కంప్యూటర్ లెక్క పక్కన పెడితే చివరికొచ్చేసరికి తాళం చెదిరింది. పెట్టె లోపల ఒక స్ఫటిక గడియారం, సౌండ్‌కార్డు లోపల ఇంకొకటి. పదిలక్షల్లో ఇరవై వంతుల తేడా ఉన్నా ఐదు నిమిషాల్లో ఆరు మిల్లీసెకన్లు ఎడం వస్తుంది. దానికి తోడు ప్రతిసారీ నేను బటన్ నొక్కిన క్షణం వేరు. వీటిలో ఏది ఆలస్యమైంది అని తెర దగ్గర చాలాసేపు కూర్చున్నాను. అప్పుడు తట్టింది: ఒక్క గడియారానికి ఆలస్యం అనేదే లేదు. దానికి అదే సరి. ఇంకో గడియారం పక్కకొచ్చి కూర్చున్నాకే ఆలస్యం పుడుతుంది.

మన అన్నంభట్టు, తర్కసంగ్రహం రాసిన ఆంధ్రుడు, కాలాన్ని తొమ్మిది ద్రవ్యాల్లో ఒకటిగా లెక్కపెట్టి, అది ఒక్కటే, అంతటా ఉండేది, నిత్యమైనది అన్నాడు. సాఫ్ట్‌వేర్ తెర మీద ఖాళీగా పరుచుకున్న గళ్లు చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. ముందు కాలం ఉంది, దాని మీద దెబ్బలు పెడుతున్నాం అని. రెండు పెట్టెలను కలపాలని కూర్చున్నవాళ్లకు మాత్రం ఆ గళ్లు అక్కరకు రావు. ఒకటి ఇంకోదాన్ని వినాలి. అంతే మార్గం.

అలా వినడానికి వేసిన దారే మిడి. 1980 ప్రాంతంలో ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. బీటుకు రోలండ్ వాళ్లు 24 సంకేతాలు పంపేవారు, కోర్గ్ 48, ఓబర్‌హైమ్ 96. ఒకరి పెట్టె ఇంకొకరి పెట్టెతో కలిసి వాయించలేకపోయేది. రోలండ్ స్థాపించిన ఇకుతారో కకెహాషి, అమెరికాలో డేవ్ స్మిత్ పూనుకుని పోటీ కంపెనీలను ఒక మాట మీదికి తెచ్చారు. 1983లో మిడి వచ్చింది. అందులో బీటుకు 24 సంకేతాలు. ముప్ఫై ఏళ్ల తర్వాత, 2013లో, ఇద్దరికీ కలిపి టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. ఈ కకెహాషి జీవితం నాకు చాలా ఇష్టం. రెండేళ్ల వయసులో క్షయ వల్ల తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్నాడు. పదహారేళ్లకే వాచీలు బాగుచేసే దుకాణం పెట్టాడు. ఆ తర్వాత తనకూ క్షయ వచ్చి కొన్నేళ్లు శానిటోరియంలో పడి ఉన్నాడు. స్ట్రెప్టోమైసిన్ మందుతో బతికాడు. గడియారాలు విప్పి బిగించినవాడే, మంచం మీద రోజులు లెక్కపెట్టినవాడే రెండు యంత్రాలు ఒకదానికోసం ఒకటి ఆగే పద్ధతికి పెద్దదిక్కయ్యాడు.

మిడి కేబుల్ తగిలించాను. కంప్యూటర్ సంకేతాలు పంపుతుంది, పెట్టె అనుసరిస్తుంది. 120 టెంపోలో సుమారు 21 మిల్లీసెకన్లకు ఒక సంకేతం. ఇంజనీర్లు ఒకదాన్ని యజమాని, ఇంకోదాన్ని బానిస అనే అర్థం వచ్చే మాటలతో పిలుస్తూ వచ్చారు. నాకు ఆ మాటలు రుచించవు. బుర్రకథలో కథకుడూ వంతా ఉంటారు చూడండి, అది సరైన పోలిక. వంత పాడేది కథకుడి వెనకే, అయినా వంత లేకపోతే కథ నడవదు.

ఈ మూడు విడతలూ నాన్న ప్లాస్టిక్ కుర్చీలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నారు. ఆ ప్యాటర్న్ ఆయన చేత్తో పెట్టిందే. ఏడు లెక్కల్లో ఏ దెబ్బ ఎక్కడ పడుతుందో, ఎంత బరువుగా పడుతుందో ఆయనకు తెలియనిది లేదు. రెండో విడతలో షేకర్, టాంబరిన్ మాత్రమే వస్తున్నాయి, ఆరు నిమిషాలు ఒకటే గరగర. నేను ఫోను చేతిలోకి తీసుకున్నాను. ఆయన తీసుకోలేదు. కళ్లు మూసుకుని, వంగని వేళ్లతోనే మోకాలి మీద చాపు వేస్తూ, పాట మనసులో పాడుకుంటూ కూర్చున్నారు. చరణం చివర తల కొంచెం వంచారు. "నాన్నా, ఇది మీకు తెలిసిందే కదా, కాసేపు నడుం వాల్చండి, అయ్యాక పిలుస్తాను" అన్నాను. హెడ్‌ఫోన్ ఒక చెవికి జరిపి, "తెలిస్తే వినక్కర్లేదా ఏం?" అన్నారు. మళ్లీ చెవి మూసుకున్నారు.

అగస్టీన్‌కు నా జవాబు ఆ మాటే. ఎదురుచూపును ఆయన లోటు అనుకున్నాడు. తెలియనివాడు, ఇంకా చేతికి అందనివాడు ఎదురుచూస్తాడు, అన్నీ తెలిసినవాడికి దాని అవసరం ఉండదు అని. పాట బాగా వచ్చినవాళ్లు పాట వినేటప్పుడు ఎలా ఉంటారో గుర్తుచేసుకోండి. రానివాడికి తర్వాత ఏం వస్తుందో తెలియదు కాబట్టి అతను దేనికోసమూ ఎదురుచూడలేడు. వచ్చినవాడే ప్రతి స్వరాన్నీ ఎదురెళ్లి పిలుచుకుంటాడు. తెలియడం వినడాన్ని మింగేయదు. అన్నీ తెలిసిన దేవుడు మన ప్రార్థన వినడు అంటే తెలివికి ఎక్కువ విలువ ఇచ్చి ప్రేమకు తక్కువ ఇచ్చినట్టే.

దేవుడు కాలంలోకి వస్తే మారినట్టు కాదా, మారితే దేవుడెలా అవుతాడు అని పెద్దలు అడుగుతారు. అది బలమైన ప్రశ్న, ఒక్క వ్యాసంతో తీరదు. నేను క్రైస్తవురాలిని కాబట్టి ఒక్కటే అంటాను. నా విశ్వాసం ప్రకారం దేవుడు ఒక ఊళ్లో పుట్టి పెరిగాడు. బోధ మొదలుపెట్టేనాటికి యేసుకు దాదాపు ముప్ఫై ఏళ్లని లూకా రాశాడు. ఆ ఏళ్ల గురించి సువార్తల్లో దాదాపు ఏమీ లేదు. ముప్ఫై ఏళ్లను పది సెకన్ల ఫైలుగా చేసి దించలేదు. ఒక్కో రోజూ ఒక్కో రోజంత పొడవునే గడిచింది.

మిక్సింగ్ దగ్గర ఇంకో సంగతి ఉంది. ట్రాకుల మీద రకరకాల ఎఫెక్టులు వేస్తాం. కొన్ని ఎఫెక్టులు చప్పుడును లోపలికి తీసుకుని, ముందు రాబోయేది చూసుకుని, పని చేసి బయటికి పంపేసరికి 20 మిల్లీసెకన్లు పట్టొచ్చు. ఆ ఒక్క ట్రాకూ వెనకబడితే తాళం పాడవుతుంది. సాఫ్ట్‌వేర్ దీన్ని తనంతట తానే సరిచేస్తుంది. ఎలా సరిచేస్తుందో తెలుసుకున్నరోజు నేను కుర్చీలోంచి లేచి కాసేపు వరండాలో నిలబడ్డాను. వెనకబడినదాన్ని అది పరుగెత్తించదు. పరుగెత్తించడం కుదరదు. త్వరగా వచ్చిన ట్రాకులన్నింటినీ ఆ 20 మిల్లీసెకన్లు పట్టి ఆపుతుంది. అన్నింటికంటే నెమ్మదిగా వచ్చేదాని కోసం అన్నీ ఆగి, అన్నీ కలిసే బయటికి వస్తాయి.

యెషయా గ్రంథం 30వ అధ్యాయంలో, దయ చూపాలనే దేవుడు ఆగుతున్నాడనే వచనం ఉంది. మన తెలుగు బైబిల్లో అక్కడ వాడిన మాట ఆలస్యం. చిన్నప్పుడు ఆ వచనం నాకు అర్థమయ్యేది కాదు. దయ చూపాలనుకున్నవాడు ఆలస్యమెందుకు చేస్తాడు? పేతురు రెండో పత్రిక మూడో అధ్యాయం కూడా అదే చెబుతుంది, కొందరు ఆలస్యమనుకునేది ఆలస్యం కాదు, ఓర్పు అని. ఎవరో వెనకబడ్డారు, వాళ్లకోసం ఆగుతున్నాడు అని.

తెలుగు క్రైస్తవులం దేవుడి కోసం వేచి ఉండటాన్ని కనిపెట్టడం అంటాం. కనిపెట్టు కూటాలని రాత్రంతా ప్రార్థన పెట్టుకుంటాం. బయటివాళ్లకు ఆ మాట వింతగా ఉంటుంది, వాళ్లకు కనిపెట్టడమంటే కొత్తది కనుక్కోవడం. ఇంకో అర్థం అందరికీ తెలుసు, పసిబిడ్డను కనిపెట్టుకుని ఉండమని పక్కింటివాళ్లకు చెప్పి బజారుకు వెళతామే, అది. ఒకే మాట ఎదురుచూపునూ కాపలానూ మోస్తోంది. బిడ్డ దగ్గర కూర్చున్నామె బిడ్డ నిద్ర లేచే క్షణం కోసం చూస్తోందా, బిడ్డను కాస్తోందా అని విడదీసి చెప్పగలమా? అత్తయ్య దేవుణ్ణి కనిపెడుతోంది, దేవుడు అత్తయ్యను కనిపెట్టుకుని ఉన్నాడు. పదకొండేళ్లూ ఆయన ఏం చేస్తున్నాడని ఆమె అడిగింది. ఆమెతోపాటు పదకొండేళ్లూ ఉన్నాడు, ఒక్కరోజు కూడా దాటవేయలేదు. నేనైతే ఇదే నమ్ముతున్నాను. కొడుకు వస్తాడో రాడో నాకు తెలియదు, ఆ మాట ఆమెకు చెప్పేశాను కూడా.

ట్రాకులు నాన్నకు ఒక్కటే నచ్చలేదు. "పాదం చివర పెద్దాళ్లు ఊపిరి తీసుకోవద్దూ? ఈ పెట్టె వాళ్లను తొక్కుకుంటూ పోతోంది" అన్నారు. డోలక్ మీద ఆయన ఆ చోట ఆగేవారు. ఎంతసేపని అడిగితే, "వాళ్లు తీసుకునేదాకా" అన్నారు. ఆ ఆదివారం గుడిలో పాటను ఫోన్లో రికార్డు చేసుకొచ్చి, ప్రతి పాదం చివరా సంఘం ఎక్కడ నెమ్మదిస్తోందో గుర్తుపెట్టుకున్నాను. సాఫ్ట్‌వేర్‌లో ఆ చోట్ల టెంపోను 120 నుంచి 90కి దింపాను. కంప్యూటర్ పంపే సంకేతాల మధ్య ఎడం 21 మిల్లీసెకన్ల నుంచి 28కి పెరిగింది. ఇరవై ఏడేళ్ల పాత పెట్టె ఆ సంకేతాల వెంటే నెమ్మదించి, మళ్లీ అందుకుంది. మూడు విడతలూ మళ్లీ మొదటి నుంచి రికార్డు చేశాం. ఆఖరి దెబ్బ పడ్డాక నేను మౌస్ మీద చెయ్యి వేస్తుంటే నాన్న వేలెత్తి ఆపారు. సింబల్ ఇంకా మోగుతోంది. మీటర్లో చివరి పచ్చ గీత ఆరేదాకా ఇద్దరం కదల్లేదు.

మొదటి శుక్రవారం ల్యాప్‌టాప్‌ను హార్మోనియం పక్కన బల్ల మీద పెట్టాను. రెండో చరణం దగ్గర అత్తయ్య గొంతు జీరపోయింది. పాదం చివర ట్రాకు నేను ఇచ్చినంతసేపూ నెమ్మదించింది, ఆమెకు అది చాలలేదు. దెబ్బ ముందుకు పోబోతోంది. నాన్న ముందుకు వంగి స్పేస్ బార్ మీద చెయ్యి ఆనించారు. దానికి వేళ్లు వంగనక్కర్లేదు. చప్పుడు ఆగింది. గుడి అంతా ఆమె కోసం ఆగింది. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, ఊపిరి తీసుకుని, తర్వాతి పాదం మొదటి అక్షరం ఎత్తుకుంది. నాన్న చెయ్యి కిందికి దిగింది.